వెనక బ్రేకు పట్టడం లేదన్న అల్లుడికి

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. చక్రం డ్రమ్ముకి లోపల రాసుకుని దాన్ని ఆపే లైనర్లు కొత్తవి వేయించినా పికప్‌కి వెనక బ్రేకు పట్టడం లేదని, మెకానిక్ ఇప్పుడు పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ మార్చేద్దాం అంటున్నాడని రాశావు. కాస్త ఆగు. పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా లీకు కనబడకపోతే మాస్టర్ సిలిండర్ని అనుమానించాలి. నీ పెడల్ గట్టిగానే ఉందంటున్నావు కదా, డబ్బులు జేబులో పెట్టుకో.

నువ్వు మాటవరసకి రాసిన ఇంకో సంగతి దగ్గర నాకు అనుమానం తగిలింది. టమాటా లోడుకి బండి కూర్చుండిపోతోందని వెనక బరువు మోసే స్ప్రింగుకి రెండు కమాన్ పట్టీలు అదనంగా వేయించావట, టైర్లు కూడా పెద్దవి ఎక్కించావట. బ్రేకు తగ్గింది ఆ పని తర్వాతేనా? గుర్తు తెచ్చుకో.

వెనక హౌసింగ్‌కి, అంటే రెండు వెనక చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టానికి పైన, ఛాసిస్‌కి బిగించిన వాల్వ్ ఒకటి ఉంటుంది. బ్రేకు పైపులు దాంట్లోంచే వెళ్తాయి. దాని నుంచి ఒక రాడ్డో స్ప్రింగో హౌసింగ్‌కి తగిలించి ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే ఆ రాడ్డు వాల్వ్‌ని కదిపి వెనక్కి ప్రెషర్ ఎక్కువ వదులుతుంది. ఖాళీ బండికి తగ్గిస్తుంది, లేకపోతే తేలికగా ఉన్న వెనక చక్రాలు బిగుసుకుపోయి తోక పక్కకి తిరుగుతుంది. నీ బండి ఇప్పుడు పైకి లేచి ఉంది కాబట్టి, లోడు వేసినా వాల్వ్‌కి అది ఖాళీ బండే. ఎన్ని లైనర్లు మార్చినా దానికి ఏం తెలుస్తుంది?

దీన్ని తేల్చుకోవడానికి హ్యాండ్ బ్రేకు చాలు. అది కేబుల్‌తో లైనర్లు అతికించిన అవే షూలని లాగుతుంది, బ్రేకు ఆయిల్‌తో దానికి పని లేదు. వాలు మీద హ్యాండ్ బ్రేకు బండిని గట్టిగా ఆపుతూ, కాలి బ్రేకు మాత్రం వెనక పట్టకపోతే తప్పు ఆయిల్ దారిలో ఉన్నట్టు: ఆ వాల్వ్, హోస్ పైపు, ఆయిల్ ఒత్తిడితో షూలని డ్రమ్ము వైపు తోసే వీల్ సిలిండర్. రెండూ పట్టకపోతే డ్రమ్ము లోపల చూడాలి, కాకపోతే ముందు కేబుల్ సాగలేదని చూసుకో. పాత జీపుల్లో కొన్నిటికి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల దగ్గర కాక గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ మీద ఉండేది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

వెనక జాకీ ఎత్తి చక్రం తిప్పి చూసి "బ్రేకు లేదు" అనకు. హౌసింగ్ వేలాడుతున్నప్పుడు ఆ వాల్వ్ ప్రెషర్ తగ్గించేస్తుంది. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడూ అంతే, బరువు చక్రాల మీద ఉండాలి. ఛాసిస్ నుంచి హౌసింగ్‌కి వచ్చే రబ్బరు హోస్ కూడా చూడు. ఎత్తు పెరిగితే అది బిగుసుకుపోతుంది. పాతదైతే లోపలే ఉబ్బి దారి మూసుకుపోతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది.

డ్రమ్ము విప్పాల్సి వస్తే స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకి రాళ్లు వేసి విప్పు. దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, తడిపి తుడువు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు కొంచెం ఎత్తి చూడు, లోపల తడిగా ఉంటే సిలిండర్ పోయినట్టే. లైనర్ మీద హౌసింగ్ లోపలి గేర్ల ఆయిల్ (క్రౌన్ ఆయిల్) చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే దాన్ని ఆపే సీలు ఒక్కటే మార్చి ఊరుకోకు, హౌసింగ్ మీద గాలి పోయే బ్రీదర్ మూసుకుపోయిందేమో చూడు. అది మూసుకుంటే వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలునీ దాటిస్తుంది. ఆయిల్ పీల్చిన లైనర్ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటుంది, అంతకు మించి లేత్‌లో తీయించకు. షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీని సరిచేసే అడ్జస్టర్ నక్షత్ర చక్రాలు ఎడమవి కుడికి మార్చి వేశారేమో కూడా చూడు, అలా వేస్తే బిగించాల్సింది వదులు చేస్తుంది. పెడల్ మొదటిసారి లోతుకి పోయి, వెంటనే మళ్లీ తొక్కితే పైకి వస్తే అడ్జస్ట్‌మెంట్ వదులుగా ఉన్నట్టు. నీకు ఆ లక్షణం లేదు కాబట్టి ఇది చివర చూడు.

టైర్ల సంగతి కూడా చిన్నదేం కాదు. చక్రం వ్యాసం 10 శాతం పెరిగితే, అదే డ్రమ్ముకి రోడ్డు మీద దొరికే బ్రేకు సుమారు 9 శాతం తగ్గుతుంది.

మరి ఏం చేయాలంటావా? పట్టీల వల్ల ఛాసిస్ హౌసింగ్ నుంచి ఎంత ఎత్తు పెరిగిందో అంత మేర హౌసింగ్ వైపు బ్రాకెట్ పెంచి రాడ్డుని పాత కోణానికి తెస్తారు. సర్వీస్ సెంటర్‌లో ప్రెషర్ గేజ్ పెట్టి సరిచూడమను. కానీ అసలు చిక్కు దీనితో పూర్తిగా పోదు. అదనపు పట్టీలతో కమాన్ గట్టిపడింది, అదే లోడుకి అది మునుపటికంటే తక్కువ దిగుతుంది, వాల్వ్ కూడా తక్కువే చూస్తుంది. అందుకే నన్నడిగితే ఆ పట్టీలు తీసేసి, పాత సైజు టైర్లు వేసి, కంపెనీ చెప్పిన లోడే వేయి. రెండు ట్రిప్పులు ఎక్కువవుతాయంటావు, అవనీ. వాల్వ్ రాడ్డుని తీగతో పైకి కట్టేద్దామనే వాళ్లు తగులుతారు, వాళ్ల మాట వినొద్దు. ఖాళీ బండితో వానలో బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుపోతాయి.

ఇది తేలేవరకు లోడుతో మొగిలి ఘాట్ దిగకు. బాగయ్యాక కూడా కింది గేరులోనే దిగు. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే షూ దాన్ని అందుకోవడానికి పెడల్ ఇంకా లోతుకి పోవాలి.

ముందు హ్యాండ్ బ్రేకు పరీక్ష చేసి, ఆ రాడ్డు ఫొటో పక్క నుంచి తీసి పంపు. బండి నేల మీద ఉండగా తీయి, జాకీ మీద కాదు.

మీ మామ