కోర్టు ఆఫీసు ఉద్యోగం: గుండుసూది బెజ్జాలు లేని కాగితం

"డిగ్రీ అయింది. జిల్లా కోర్టులో జూనియర్ అసిస్టెంట్‌గా సెలెక్టయ్యాను. ఈ లైన్లో పైకి ఎంతవరకు వెళ్ళొచ్చు?" అని అడిగారు. ఆంధ్రాలో ఇదే లైన్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి చీఫ్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ (సీఏవో)గా రిటైరైనవాణ్ణి, అందుకని చెప్తున్నాను.

మెట్లు తక్కువే. జూనియర్ అసిస్టెంట్, సీనియర్ అసిస్టెంట్, సూపరింటెండెంట్, ఆఖర్న జిల్లా కోర్టు సీఏవో. హైకోర్టులో రిజిస్ట్రార్ జనరల్ కుర్చీ జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారిది, అక్కడిదాకా మనం వెళ్ళం. సివిల్ జ్యుడీషియల్, క్రిమినల్ జ్యుడీషియల్, అకౌంట్ టెస్టులు చేరిన కొత్తలోనే పాసైపోండి. పెళ్ళయ్యాక చదువుదాంలే అనుకున్న మా బ్యాచ్ కుర్రాడు ఒకడు ఏళ్ళ తరబడి జూనియర్‌గానే ఉండిపోయాడు.

మీరడిగిన దానికి జవాబు అంతే. నాకు చెప్పాలనిపిస్తున్నది వేరే ఉంది.

1990ల మొదట్లో ఒక మున్సిఫ్ కోర్టులో, అంటే కింది స్థాయి సివిల్ జడ్జి కోర్టులో, నన్ను కాపీ సెక్షన్లో వేశారు. సూపరింటెండెంట్‌ని అప్పట్లో హెడ్ క్లర్క్ అనేవాళ్ళం. తీర్పు నకలు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎన్ని స్టాంపులు పడతాయో లెక్కగట్టి మేము నోటీసు బోర్డుకి లిస్టు పెడతాం. గడువులోగా స్టాంపులు దాఖలు చెయ్యకపోతే దరఖాస్తు కొట్టేస్తాం. నకలు వెనకవైపు దరఖాస్తు పెట్టినది, స్టాంపులు అడిగినది, దాఖలు చేసినది, నకలు తయారైనది, చేతికిచ్చినది అని వరసగా తేదీలు వేస్తాం. జిల్లా కోర్టుకి అప్పీలు గడువు 30 రోజులు. నకలు కోసం పట్టిన రోజుల్ని ఆ 30 రోజుల్లో లెక్కపెట్టరు. కాబట్టి ఆ తేదీల మీదే మనిషి పొలం ఆధారపడి ఉంటుంది.

ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. పంపకాల దావాలో ఓడిపోయాడు. ఉన్నదే ఎకరం ముప్పై సెంట్లు. "నా కాపీ ఎప్పుడిస్తారు బాబూ?" అన్నాడు. రిజిస్టర్ తీసి చూస్తే దరఖాస్తు కొట్టేసి ఉంది. "స్టాంపులు వెయ్యలేదు కదండీ, కొట్టేశాం" అన్నాను. "అడక్కుండా ఎలా వేస్తాను బాబూ? ప్లీడరు గారి గుమస్తా రోజూ బోర్డు చూస్తూనే ఉన్నాడు" అన్నాడు. నాకు చిరాకొచ్చింది. అందరూ ఇలాగే అంటారు, మళ్ళీ పెట్టుకోండి అని చెప్పి పంపించబోయాను. అప్పటికే ఆయన 30 రోజులు దాటిపోయాయి. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసుకోవచ్చు, కానీ అవతలివాళ్ళు ఊరుకోరు, దానికే ఏళ్ళు పడతాయి.

మా హెడ్ క్లర్క్ గారు పక్క బల్ల దగ్గర్నించి అంతా విన్నారు. "లిస్టుల ఫైలు ఇలా పట్రావయ్యా" అన్నారు. బోర్డు మీంచి తీసేసిన లిస్టులన్నీ ఆ ఫైల్లో కడతాం. ఒక్కో కాగితం కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు. అన్నిటికీ మూలల్లో గుండుసూది బెజ్జాలున్నాయి. ఆ రోజు లిస్టుకి మాత్రం లేవు. అటెండర్ సెలవులో ఉన్నాడు, నేను టైపు చేసి బోర్డుకి పెట్టడం మర్చిపోయి, నేరుగా ఫైల్లో కట్టేశాను.

నాకు చెమటలు పట్టాయి. ఆయన ఒక్క మాట అనలేదు. కూర్చుని స్వయంగా నోట్ రాశారు: లిస్టు బోర్డుకి పెట్టలేదు, తప్పు ఆఫీసుది, దరఖాస్తు పునరుద్ధరించాలి. నా పేరు ఎక్కడా రాయలేదు. సాయంత్రం లోపల మున్సిఫ్ గారి సంతకం అయింది. పెద్దాయన మర్నాడే స్టాంపులు దాఖలు చేశాడు, మధ్యలో పోయిన రోజులేవీ ఆయన అప్పీలు గడువులో లెక్కకి రాలేదు. ఆ లిస్టులో ఇంకో ఎనిమిది దరఖాస్తులున్నాయి. ఆ ఎనిమిది మంది ప్లీడర్ల ఆఫీసులకీ నన్నే స్వయంగా వెళ్ళి చెప్పి రమ్మన్నారు. వెళ్ళాను. తర్వాత పెద్దాయన బుట్టెడు మామిడికాయలు తెస్తే హెడ్ క్లర్క్ గారు మమ్మల్ని ఒక్క కాయ కూడా ముట్టుకోనివ్వలేదు.

కోర్టు స్టాఫ్ అనగానే మామూళ్ళు అంటారు. లేవని నేను అనను, నా కళ్ళతో చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. కానీ 2018 డిసెంబర్ 26న నోటిఫికేషన్ వచ్చి, 2019 జనవరి 1 నుంచి ఆంధ్రకి వేరే హైకోర్టు అంటే, ఆ కాస్త వ్యవధిలో హైదరాబాద్‌లో ఇళ్ళూ పిల్లల బళ్ళూ వదిలి విజయవాడ వచ్చి, ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసులో కోర్టు నిలబెట్టింది కూడా ఈ స్టాఫే. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు.

ఇంకో సంగతి. కోర్టు పాలనా పనుల్లో జడ్జిలకి సాయపడే కోర్టు మేనేజర్ల కోసం పదమూడో ఆర్థిక సంఘం 300 కోట్లు కేటాయించింది. ఎంబీఏలు వచ్చారు. వాళ్ళ సర్వీసుకి రూల్స్ చెయ్యమని సుప్రీంకోర్టు 2025లో కూడా హైకోర్టులకి చెప్పాల్సి వచ్చింది. వాళ్ళని గాల్లో వేలాడదీయడం అన్యాయం. అయితే నన్నడిగితే ప్రతి మేనేజర్నీ మొదటి మూడు నెలలు కాపీ సెక్షన్లో కూర్చోబెట్టాలి. కంప్యూటర్లొచ్చి మేలే జరిగింది. వాయిదా తేదీ కోసం నలభై కిలోమీటర్లు బస్సెక్కి వచ్చే మనిషి ఇప్పుడు ఫోన్లో చూసుకుంటున్నాడు. కానీ ఆ తేదీ తప్పు ఎక్కిస్తే, తప్పు తేదీయే ఆయన ఫోన్లో కనిపిస్తుంది. ఎక్కించేది మీరే.

జాయినయ్యేటప్పుడు కోర్టు హాల్లో జడ్జి గారి దగ్గర పనిచేసే బెంచ్ సెక్షన్ కావాలా, కాపీ సెక్షన్ కావాలా అని ఎవరైనా అడిగితే కాపీ సెక్షనే తీసుకోండి. లిస్టు బోర్డుకి పెట్టాక ఒకసారి బయటికెళ్ళి మీ కళ్ళతో చూసి రండి.