మార్ఫాలో మట్టి ఇల్లు, 8.5 లక్షల డాలర్లు: కొనవచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం, ఇద్దరి జీతం కలిపి ఏడాదికి 3.1 లక్షల డాలర్లు. ఉన్న ఇంటి మీద అప్పు ఇంకా 3.8 లక్షలు. చేతిలో నగదు 2.6 లక్షలు. పెద్దబాబు పదో తరగతి. వెస్ట్ టెక్సస్ ఎడారిలో మార్ఫా అనే ఊళ్లో బాగుచేసిన అడోబీ (ఎండబెట్టిన మట్టి ఇటుకల) ఇల్లు 8.5 లక్షలకు అమ్మకానికి ఉంది. కడప జిల్లాలో మా తాతగారి మట్టిమిద్దె గుర్తొచ్చి మనసు పడ్డాం. మేం లేనప్పుడు ఎయిర్‌బీఎన్‌బీలో పెడితే ఇల్లు దాని ఖర్చు అదే చూసుకుంటుందని ఏజెంటు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఈ ధరకు, మీకున్న నగదుతో, వద్దండి. ఇల్లు బాగుండదని కాదు. తాళం చేతికి రాకముందే మీ డబ్బు అయిపోతుంది.

25 శాతం డౌన్ పేమెంటు 2,12,500. క్లోజింగ్ ఖర్చులు (కొనుగోలు పూర్తయ్యేటప్పుడు కట్టే ఫీజులు) సుమారు 20,000. అద్దెకివ్వాలంటే మంచాలు, ఏసీ, వంటింటి సామాను కలిపి 40,000 అనుకోండి. మొత్తం 2,72,500. మీ దగ్గరున్నదానికంటే 12,500 ఎక్కువ. పైగా ఇంత పెద్ద లోనుకు బ్యాంకులు ఆరు నెలల నుంచి ఏడాది వాయిదాల సొమ్ము విడిగా చూపమంటాయి. అది ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక నెల లెక్క. 6,37,500 లోను, 7 శాతం వడ్డీ, 30 ఏళ్లు అనుకుంటే వాయిదా 4,241. ప్రాపర్టీ టాక్స్ 2 శాతం వేసుకుంటే నెలకు 1,417. ఇన్సూరెన్స్ 500, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 350. మరమ్మతులకు ఏటా ధరలో 1.5 శాతం, అంటే నెలకు 1,060. అన్నీ కలిపి 7,570 దగ్గర. అద్దె సంగతి చూస్తే, ఏడాదికి 110 రాత్రులు, రాత్రికి 300 చొప్పున 33,000. ఎనిమిది గంటల ప్రయాణ దూరం నుంచి మీరు దుప్పట్లు మార్చలేరు కాబట్టి అక్కడ చూసుకునే మనిషికి 25 శాతం పోగా నెలకు 2,060 మిగులుతుంది. నెలనెలా 5,500 మీ జీతంలోంచే పోవాలి. ఏడాదికి 66,000. రెండేళ్లలో పెద్దబాబు కాలేజీ ఫీజులు మొదలవుతాయి.

అమ్మకం విషయం ఇంకా ముఖ్యం. 2020 జనాభా లెక్కల్లో మార్ఫాలో ఉన్నది 1,788 మంది. 1970లలో డొనాల్డ్ జడ్ అనే కళాకారుడు వచ్చి స్థిరపడ్డాక ఊరికి పేరొచ్చింది, ధరలూ అలాగే పెరిగాయి. రెగ్యులర్ విమానాలకు ఎల్‌ పాసో గానీ మిడ్‌లాండ్ గానీ వెళ్లాలి, రెండూ మూడేసి గంటల దారి. ఆసుపత్రికి 26 మైళ్ల దూరంలోని ఆల్పైన్. ఎనిమిది లక్షలు పెట్టి ఇక్కడ కొనేవాళ్లు ఏ సంవత్సరం చూసినా కొద్దిమందే. ఉద్యోగం పోయి త్వరగా అమ్మాల్సి వస్తే ధర తగ్గించడం తప్ప దారి ఉండదు. టెక్సస్‌లో అమ్మకం ధరలు బయటపెట్టాలన్న చట్టం లేదు కాబట్టి వెబ్‌సైట్లలో కనిపించే విలువ అంచనా మాత్రమే. బ్యాంకు కోసం ఇంటి విలువ కట్టే అప్రైజర్‌కు కూడా పోల్చి చూడ్డానికి అమ్మకాలు దొరకడం కష్టం. అతను 7.5 లక్షలే అంటే మిగతా లక్ష నగదుగా మీరే కట్టాలి.

పన్నుల్లో మూడు చోట్ల లెక్క తప్పుతుంది. సొంతంగా ఉండే ఇళ్ల మీద వడ్డీ మినహాయింపు రెండింటికీ కలిపి 7.5 లక్షల అప్పు వరకే. మీది 10.17 లక్షలవుతుంది, అంటే నాలుగో వంతు వడ్డీకి మినహాయింపు రాదు. రెండోది, 110 రాత్రులు అద్దెకిచ్చి మీరు 14 రోజులకంటే ఎక్కువ ఉంటే, అద్దె ఆదాయానికి మించిన ఖర్చును ఆ ఏడాది చూపలేరు. మీ అన్నదమ్ములు వచ్చి ఉన్న రోజులూ మీ ఖాతాలోనే పడతాయి, వాళ్లు అద్దె కట్టినా సరే. క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్ సెలవులకే ఆ 14 అయిపోతాయి. మూడోది ప్రాపర్టీ టాక్స్. అమ్మేవారి బిల్లు చూసి నమ్మకండి. వారికి హోమ్‌స్టెడ్ (అదే సొంత నివాసమైతే ఇచ్చేది), 65 ఏళ్లు దాటినవారి మినహాయింపులు ఉండి ఉండొచ్చు. మీకవి రావు. మినహాయింపులన్నీ తీసేస్తే ఎంతవుతుందో కౌంటీ అప్రైజల్ ఆఫీసులో కనుక్కోండి.

ఇంకొక మాట. వడ్డీ తగ్గుతుందని లోను కాగితాల్లో సెకండ్ హోమ్ (సొంత వాడకానికి రెండో ఇల్లు) అని రాసి, ఏడాదంతా అద్దెకు పెట్టడం అబద్ధపు డిక్లరేషన్ కిందకు వస్తుంది. అద్దె ఆలోచన ఉంటే బ్యాంకుకు ముందే చెప్పండి.

మీ తాతగారి మిద్దె గుర్తుంటే అడోబీ గోడ సంగతి మీకు చెప్పక్కర్లేదు. జబ్బంతా గోడ అడుగునే. నేల నుంచి మొదటి అడుగు ఎత్తులో గుచ్చి చూడండి. మేకు సులువుగా దిగితే లోపల తడి ఉన్నట్టే. మట్టి గోడకు సిమెంటు ప్లాస్టరు చేస్తే బయటి నుంచి గట్టిగా కనిపిస్తుంది, కానీ లోపలికి చేరిన నీరు బయటకు ఆరదు. ఇటుక అడుగు నుంచి మెత్తబడి, తొలుచుకుపోతుంది. వేలితో తట్టితే డొల్ల శబ్దం వచ్చే చోట ప్లాస్టరు గోడను వదిలేసిందని అర్థం. సున్నం లేదా మట్టి పూత అయితే మంచిది. అక్కడ ఏడాది వానలో ఎక్కువ భాగం జులై నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది, చదును కప్పు మీద నీళ్లు పోయే తూములు పూడితే ఒక్క సీజన్లో పాడవుతుంది. సాధారణ ఇన్‌స్పెక్టరు ఇవేవీ చూడకపోవచ్చు. అడోబీ తెలిసిన మనిషిని పెట్టుకోండి. అతన్ని దూరం నుంచి రప్పించాలి కాబట్టి ఒప్పందంలో ఆప్షన్ పీరియడ్ 7 రోజులు కాకుండా 14 రాయించండి. ఆ గడువులో కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, పోయేది ఆ హక్కు కోసం అమ్మేవారికి కట్టే ఆప్షన్ ఫీజు, ఇన్‌స్పెక్షన్ ఖర్చే. ఆ ఫీజు మూడు రోజుల్లోపు అందకపోతే ఆ హక్కు ఉండదు.

మార్ఫా మీద అంత మనసుంటే, జులైలో ఒక వారం, ఫిబ్రవరిలో ఒక వారం అక్కడ అద్దెకు ఉండి చూడండి. తర్వాత 4 లక్షల లోపు చిన్న ఇల్లు దొరికితే మాట్లాడదాం. డౌన్ పేమెంటు లక్ష, మిగతా ఖర్చులు 40,000 పోగా చేతిలో 1.2 లక్షలుంటాయి. రెండు అప్పులు కలిపినా 6.8 లక్షలే. అప్పటికీ నెలకు కొంత జేబులోంచి పోతుంది, కానీ భరించవచ్చు.

ఏజెంటు చెప్పిన అద్దె మాటకు మాత్రం గత 24 నెలల బుకింగ్ స్టేట్‌మెంట్లు అడగండి. ఇవ్వకపోతే 110 బదులు 70 రాత్రులు వేసుకోండి. అప్పుడు ఈ 8.5 లక్షల ఇంటికి మీ జేబులోంచి పోయేది నెలకు 6,250.