ఈ-శ్రమ్ కార్డు ఉంటే అరవై ఏళ్ల తరువాత పింఛను వస్తుందా?

కేవలం ఈ-శ్రమ్ కార్డు ఉన్నందువల్ల నెలకు 3,000 రూపాయల పింఛను రాదు. ఆ పింఛను ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకానిది, అందులో విడిగా చేరి నెలనెలా వాటా కట్టాలి.

2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ అసంఘటిత కార్మికుల వివరాల నమోదు. 16 నుంచి 59 ఏళ్ల లోపు వారికి పన్నెండంకెల సంఖ్య ఇస్తారు. 2019లో వచ్చిన మాన్‌ధన్ అలా కాదు. నెల ఆదాయం 15,000 రూపాయలు మించకుండా, ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) సభ్యత్వం లేకుండా, 18 నుంచి 40 ఏళ్ల వయసులో ఉన్నవారే చేరగలరు. చేరినప్పటి వయసును బట్టి 55 నుంచి 200 రూపాయల వరకు బ్యాంకు ఖాతా నుంచి తీసుకుంటారు, అంతే మొత్తాన్ని కేంద్రం కలుపుతుంది.

ఉదాహరణకు, గుంటూరులో మిర్చి తొడిమలు తీసే 29 ఏళ్ల మహిళ ఈ పథకంలో చేరితే నెలకు 100 రూపాయలు కట్టాలి. సీజను ముగిసి కూలి దొరకని నెలల్లో ఖాతాలో ఆ వంద కూడా లేక వాయిదా తప్పడమే ఇలాంటి పనివారికి అసలు చిక్కు. అయితే బకాయి మొత్తం, విధిస్తే అపరాధ రుసుముతో సహా, చెల్లించి ఖాతాను మళ్లీ కొనసాగించుకోవచ్చు.

నలభై దాటిన చాలామంది ఇళ్లలో పనిచేసే మహిళలు కార్డు ఉంది కదా అని ఈ 3,000 కోసం ఎదురుచూస్తుంటారు. ఆ వయసులో మాన్‌ధన్‌లో కొత్తగా చేరే వీలే లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను వేరు, దానికి నెలవారీ చందా లేదు.