ఆ అమ్మాయికి మీరు పెద్దమ్మ

"నేను తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. వయసు 39. చిన్న వయసులో గర్భాల మీద పిల్లలకు అవగాహన సదస్సు పెట్టాలని మా కాలేజీ మహిళా విభాగంలో అనుకున్నాం. ఎవరైనా సినిమా హీరోయిన్ వస్తేనే పిల్లలు వింటారని నేనన్నాను. సెల్ఫీల కోసం వస్తారు తప్ప మాట వినరని మా ఇంగ్లీష్ మేడం వాదన. అమెరికాలో ఒక నాయకురాలి కూతురు పెళ్లి కాకుండానే తల్లయి, తర్వాత అలాంటి ప్రచారానికే నిలబడి లక్షల డాలర్లు తీసుకుందని కూడా ఆమె చెప్పింది. ఇంకొకావిడ, 'అది వాళ్ల దేశపు గొడవ, మన పిల్లలకు లేనిపోనివి నేర్పడం ఎందుకు' అంది. స్టాఫ్‌రూంలో వారం నుంచి ఇదే రభస. పేరున్నవాళ్లు చెబితే ఫలితం ఉంటుందా, ఉండదా?

ఈ విషయం నాకు ఎందుకో బాగా పట్టుకుంది. మా నాన్న ఖర్చు కలిసొస్తుందని నాకూ మా చెల్లెలికీ ఒకే పందిట్లో పెళ్లి చేశారు. నాకప్పుడు 22, దానికి 16. ఇప్పుడది పలమనేరులో ఉంటుంది. అమ్మ గాజుల దగ్గర మాటా మాటా వచ్చి నాలుగేళ్లుగా మాకు మాటల్లేవు. దాని కూతురికి 16 నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోందని, మేనత్త కొడుక్కిచ్చి మాఘంలో పెళ్లి చేసేద్దామనుకుంటున్నారట. అది వాళ్ల విషయం. మీరు సదస్సు గురించి చెప్పండి."

అమ్మా,

మీ ఉత్తరంలో సగానికి పైగా సదస్సు గురించే ఉంది. చెల్లెలి గురించి ఉన్నవి కొన్ని వాక్యాలు. నేను ఆ కొన్ని వాక్యాలనే మళ్లీ మళ్లీ చదివాను. "అది వాళ్ల విషయం" అన్న దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను.

ముందు మీరడిగింది చెప్పేస్తాను. హీరోయిన్‌ను పిలిస్తే పిలవండి, లేకపోతే లేదు. దానికోసం స్టాఫ్‌రూంలో స్నేహాలు పాడుచేసుకోవద్దు.

పేరున్నవాళ్ల మాటకు బలం ఉండదని నేననను. పోలియో చుక్కలప్పుడు అమితాబ్ బచ్చన్ టీవీలో కోప్పడుతూ మరీ చెప్పేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. తల్లులు విన్నారు. మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరిలోది, 2014 మార్చిలో దేశానికి పోలియో లేదన్న ధ్రువపత్రం కూడా వచ్చింది. కానీ ఆయన మాట టీవీలో ఆగిపోలేదు. మర్నాడు పొద్దున ఆ మాట వెనకే ఐస్ డబ్బా భుజాన వేసుకుని అంగన్‌వాడీ ఆయా, ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చారు. చుక్కలు వేసి, బిడ్డ చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టి, తలుపు మీద చాక్‌పీసుతో రాసి వెళ్లారు. బిడ్డ ఊరికెళ్లి ఉంటే మళ్లీ వచ్చారు. మీ హీరోయిన్ కారెక్కి వెళ్లిపోయాక పిల్లల దగ్గర ఎవరుంటారో ముందు తేల్చుకోండి. ఒక లేడీ డాక్టరును నెలకోసారి రప్పించి, మగపిల్లలను కూడా కూర్చోబెట్టి, నెలసరి నుంచి గర్భనిరోధం దాకా అన్నీ విడమరిచి చెప్పించగలిగితే మీ సదస్సుకు అర్థం ఉంటుంది. జువాలజీ చెప్పే మీకు ఆ పాఠం నేను చెప్పనక్కర్లేదు.

మీ ఇంగ్లీష్ మేడం చెప్పిన అమెరికా అమ్మాయి కథ నిజమే. 2008లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన సారా పేలిన్ కూతురు బ్రిస్టల్. గర్భవతి అని ప్రపంచానికి తెలిసేనాటికి ఆ పిల్లకు పదిహేడేళ్లు. ఆ డిసెంబరులో కాన్పయింది. మరుసటి ఏడాది టీనేజ్ గర్భాలను ఆపడానికి పనిచేసే ఒక సంస్థకు ప్రచారకర్త అయింది, ఆ ఒక్క ఏడాదికే 2,62,500 డాలర్లు అందుకుంది. అంత డబ్బు ఇవ్వచ్చా అని అక్కడ పెద్ద గొడవే జరిగింది. అదే 2009లో పదహారేళ్లకే గర్భం దాల్చిన మామూలు ఇళ్ల అమ్మాయిల బతుకును ఎం టీవీ అనే అక్కడి ఛానెల్ వరసగా చూపించింది. నిద్రలేని రాత్రులు, ఆగిపోయిన చదువు, మొహం చాటేసిన కుర్రాడు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. ఆ కార్యక్రమం వల్ల తర్వాతి ఏడాదిన్నరలో టీనేజ్ కాన్పులు 5.7 శాతం తగ్గాయని ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో లెక్కకట్టారు. ఆ లెక్కను ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. ఎవరి లెక్క ఎలా ఉన్నా ఆ దేశంలో తగ్గుదల మాత్రం నిజం. 1991లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలు వెయ్యిమందికి 62 కాన్పులు ఉండేవి, 2022 నాటికి 14 కూడా లేవు.

ఇక 'అది వాళ్ల దేశపు గొడవ' అన్న మీ సహోద్యోగికి ఈ మాట చెప్పండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో అప్పటికే తల్లయినవారు, గర్భంతో ఉన్నవారు కలిపి దేశమంతటికీ 6.8 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 12.6. అంతకుముందు సర్వేలో 11.8 ఉండేది. దేశంలో తగ్గుతుంటే మన దగ్గర పెరిగింది. వీళ్లంతా ఎవరనుకున్నారు? దారితప్పిన పిల్లలు కాదమ్మా. చాలామంది మెడలో తాళి ఉన్నవాళ్లు. అదే సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మనం పట్టుచీర కట్టుకుని వెళ్లి, అక్షింతలు వేసి, చదివింపులు రాయించి, భోంచేసి వచ్చిన పెళ్లిళ్ల లెక్క అది. పదిహేడేళ్ల పిల్లకు పెళ్లికాకుండా నెల తప్పితే ఇల్లంతా ఏడుస్తాం. పెళ్లయి తప్పితే స్వీట్లు పంచుతాం. కడుపులో బిడ్డ బరువు రెండు చోట్లా ఒక్కటే. రక్తం చాలకపోవడం, బీపీ పెరగడం, నెలలు నిండకుండా కాన్పు రావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, ఇవి తాళి ఉందని ఆగవు.

ఆ అమెరికా అమ్మాయి బిడ్డను ఎత్తుకున్న రోజుల్లోనే, ఇంచుమించు అదే వయసులో, మీ చెల్లెలూ బిడ్డను ఎత్తుకుంది. మీ లెక్క ప్రకారమే. ఆ అమ్మాయి గురించి మీకు స్టాఫ్‌రూంలో ఇంత చర్చ ఉంది. మీ చెల్లెలి గురించి ఇన్నేళ్లలో ఒక్కరోజైనా ఎవరితోనైనా మాట్లాడారా? దానితోనైనా?

ఒకే పందిరి అన్నారు. ఆ పందిరిని ఒక్కసారి కళ్లముందుకు తెచ్చుకోండి. ఒక పీట మీద డిగ్రీ పూర్తిచేసిన మీరు. పక్క పీట మీద పది ముగిసి ఏడాదైన పిల్ల. ఒకే పురోహితుడు, ఒకే బ్యాండు మేళం, ఒకే వంట. మీ నాన్నగారికి ఖర్చు కలిసొచ్చింది. ఆ కలిసొచ్చిన ఖర్చును ఎవరు కట్టారు? మీ చెల్లెలు కట్టింది, తన ఇంటర్‌తో, తన డిగ్రీతో. ఇందులో మీ తప్పేమీ లేదు, మీరూ అప్పుడు తండ్రి మాట వినే ఆడపిల్లే. కానీ ఆ పందిట్లో పక్కన కూర్చున్నది మీరే. ఆ సంగతి మీకు తెలుసు కాబట్టే ఈ సదస్సు మీకు 'ఎందుకో' పట్టుకుంది.

అందుకే నాకు మీ సమస్య హీరోయిన్ కాదు, ఇంగ్లీష్ మేడం కాదు. మీరూ మీ చెల్లెలూ. నాలుగేళ్ల మౌనం. దాని మధ్యలో నలుగుతున్నది ఆ పదహారేళ్ల పిల్ల.

గాజుల సంగతి నాకు వివరంగా రాయలేదు, నేను అడగను కూడా. అమ్మ సొమ్ములో వాటా అడగడం తప్పు కాదు, ఆత్మాభిమానం ఉన్న ఏ ఆడదైనా అడుగుతుంది. కానీ ఇప్పుడు ఆ గాజులు మర్చిపోండి. అవి చెల్లెలి చేతికే ఉండనివ్వండి. ఎవరు ముందు పలకరించాలి అన్న ప్రశ్న వస్తే, పెద్దది ముందు పలకరించాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. తిరుపతిలో ఉంటున్నారు, గంగజాతర ప్రతి ఏడూ చూస్తారు. కొండమీద నుంచి ఆ స్వామే చెల్లెలు గంగమ్మకు పసుపు, కుంకుమ, చీర సారె పంపుతాడు. జాతర వచ్చిందంటే సారె వెళ్లాల్సిందే. మీరు నాలుగేళ్లుగా మీ చెల్లెలికి ఒక రవికె గుడ్డ కూడా పెట్టలేదు.

ఇక ఆ పిల్ల. మన వరసల్లో తల్లి అక్కను ఆంటీ అనం, పెద్దమ్మ అంటాం. అమ్మ కన్నా పెద్ద అమ్మ. ఆ పిల్ల మీకు కూతురు వరస. కూతురి పెళ్లి 'వాళ్ల విషయం' ఎలా అవుతుంది?

చెల్లెలి మీద కోపం తెచ్చుకోకండి. ఆమె భయం నాకు అర్థమవుతుంది. పిల్ల ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది, రేపు ఏదైనా జరిగితే పరువు పోతుంది, మేనత్త ఇల్లంటే తెలిసిన ఇల్లు, వరసైనవాడు. ఇంతే ఆమె లెక్క. కానీ చూడండి, పిల్లకు గర్భం వస్తుందేమోనన్న భయంతో, ఏడాది తిరిగేలోగా గర్భం వచ్చే ఏర్పాటే ఇంట్లో దగ్గరుండి చేస్తున్నారు. ఈ మాటను ఎవరో వచ్చి మైకులో చెబితే ఆమె తలకెక్కదు. మీరు పక్కన కూర్చుని చెబితే ఎక్కుతుంది.

చెప్పేటప్పుడు శాతాలు, సర్వేలు ఎత్తకండి. పాఠం చెప్పే గొంతు ఇంట్లో వదిలేసి వెళ్లండి. చెల్లెలిని ఒక్కటే అడగండి, 'నీ మొదటి కాన్పు ఎలా జరిగింది' అని. ఇన్నేళ్లలో మీరు అడిగి ఉండరు. ఆమె చెప్పేదంతా మధ్యలో అడ్డురాకుండా వినండి. తర్వాత 'దీనికీ అదే కావాలా' అని అడగండి. మీ అంతట మీరు జవాబు చెప్పకండి.

మరిదితో మాట్లాడాల్సినది వేరు. ఆయనకు చట్టం చెప్పండి, మెల్లగా, బెదిరింపులా కాకుండా. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద ఇలాంటి పెళ్లి చేసినవాళ్లకూ, దగ్గరుండి జరిపించినవాళ్లకూ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. పద్దెనిమిది నిండని భార్యతో కాపురం కూడా అత్యాచారమే అవుతుందని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ పిల్ల గర్భంతో ఆస్పత్రికి వెళ్లి వయసు పదిహేడని చెబితే, డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల మీద లైంగిక నేరాలను ఆపే పోక్సో చట్టం అలా ఉంది. అప్పుడు కేసు ఎవరి మీద పడుతుంది? ఆయన సొంత మేనల్లుడి మీద. అక్క ఇంటితో సంబంధం కలుపుకుందామనుకుంటే, ఆ అక్క కొడుకే కోర్టు చుట్టూ తిరగాలి. మగవాళ్లకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది.

పిల్లతో మాత్రం విడిగా మాట్లాడండి. ఫోన్ లాక్కోకండి, ఆ అబ్బాయెవరో కూపీ లాగకండి. తనకు ఏం చదవాలని ఉందో అడగండి. పెళ్లి గురించి తన నోటితో ఏమంటుందో వినండి. ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరని నా నమ్మకం.

మరి పిల్లను అక్కడే ఉంచితే ఎలా అంటారా? మీ ఇంటికి తెచ్చుకోండి. ఇంటర్ రెండో సంవత్సరం మీ కాలేజీలో చేర్చండి. మీ ఆయన ఏమంటారో, మీ అత్తగారు ఏమంటారో నాకు తెలియదు. అది మీరు మాట్లాడి ఒప్పించుకోవాల్సిన సంగతి. కాలేజీలో ఇన్ని వందల మంది ఆడపిల్లల కోసం గొంతెత్తగలిగిన మనిషి, సొంత ఇంట్లో ఒక పిల్లకు ఒక మంచం, కంచం కోసం గొంతెత్తలేరా?

ఎవరూ వినలేదనుకోండి. మాఘం దగ్గరపడుతోంది, ముహూర్తం పెట్టేశారనుకోండి. అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి. మీ చెల్లెలు జీవితాంతం మిమ్మల్ని క్షమించకపోవచ్చు. అయినా చేయాలి. ఆ ఫోన్ నేనే చేయాల్సి వచ్చినా చేస్తాను, నా సొంత ఇంట్లో అయినా చేస్తాను. కానీ నాలుగేళ్లుగా గుమ్మం తొక్కని అక్క మొదటి పలకరింపు ఆ ఫోనుతో కాకూడదు. అందుకే ముందు మీరు వెళ్లాలి. కార్డులు అచ్చయ్యాక కాదు, ఈ వారమే.

ఫోన్లో చెప్పి వెళ్లకండి. చెబితే రావద్దంటుంది, ఆ మాట పట్టుకుని మీరూ ఆగిపోతారు. శనివారం కాలేజీ అయ్యాక చిత్తూరు మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఆడవాళ్లకు ఇప్పుడు ఆర్టీసీ బస్సులో ఛార్జీ కూడా లేదు. చెల్లెలికి ఒక చీర, పసుపు కుంకుమ, పిల్లకు ఒక మంచి పుస్తకాల బ్యాగు తీసుకెళ్లండి. తలుపు తీశాక ఆమె ఏమన్నా పడండి, రెండు మాటలు గట్టిగానే అంటుంది. గాజుల మాట ఆమే ఎత్తవచ్చు, మీరు మాత్రం ఎత్తకండి. చివరి బస్సు ఉందని లేచి రావద్దు. రాత్రికి అక్కడే అన్నం తినండి, అమ్మ ఉన్నప్పటిలాగా ఇద్దరూ ఒకే చాప మీద పడుకోండి. లైటు ఆర్పేశాక అడగండి, ఆ మొదటి కాన్పు సంగతి.