విప్పి బిగించాక లాప్‌టాప్ ఆన్ కావట్లేదా? ముందు మీ చేయి తగిలిన చోట్లే చూడండి

మీ సమస్య ఇదని అర్థమైంది: ఫ్యాన్‌లో దుమ్ము తీసి, కొత్త ర్యామ్ వేద్దామని లాప్‌టాప్ విప్పారు. అంతా బిగించాక పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మదర్‌బోర్డు పోయిందా అని అడుగుతున్నారు.

పోయి ఉండకపోవచ్చు. సరిగ్గా ఇదే పని చేసి, ఇదే టెన్షన్ పడ్డవాడిగా చెబుతున్నాను. నేనూ వెనక మూత తీసి ఫ్యాన్ విప్పాను. ఫ్యాన్ పక్కనుంచి ఒక సన్నని రిబ్బన్ కేబుల్ అడ్డంగా ఉంటే కనెక్టర్‌లోంచి తీసి, పని అయ్యాక మళ్లీ పెట్టాను. ర్యామ్ కూడా వేశాను. బటన్ నొక్కితే ఏమీ లేదు. ఛార్జర్ లైటు మాత్రం వెలుగుతోంది. రెండు రోజులు ర్యామ్ తీయడం, పెట్టడం, స్లాట్లు మార్చడం ఇదే పని. కొత్త బోర్డు కొనాలేమో అనుకునే దాకా వచ్చాను.

మూడో రోజు ఒక కాగితం తీసుకుని, నా చేయి తగిలినవన్నీ వరసగా రాశాను. మూత, బ్యాటరీ కనెక్టర్, ఫ్యాన్, రిబ్బన్ కేబుల్, ర్యామ్. అందులో నాలుగింటిని పదిసార్లు చూశాను, రిబ్బన్‌ను ఒక్కసారి కూడా చూడలేదు. పైనుంచి చూస్తే అది సరిగ్గానే ఉన్నట్టుంది. టార్చి వేసి పక్కనుంచి చూస్తే ఒక కొస లోపలికి దిగింది, రెండో కొస వెంట్రుకవాసి బయటికి ఉంది. అది పవర్ బటన్‌కు వెళ్లే కేబులే. లాక్ ఎత్తి, కేబుల్‌ను తిన్నగా పెట్టి, లాక్ మూశాను. మొదటి నొక్కుకే ఆన్ అయింది.

అందుకే నా సలహా ఒక్కటే. విప్పక ముందు పనిచేసిన యంత్రం విప్పాక పనిచేయకపోతే, తప్పు దాదాపు ఎప్పుడూ మీరు ముట్టుకున్న చోటే ఉంటుంది. ముట్టుకోని వాటిని అనుమానించి డబ్బు పెట్టకండి. మీరూ ఒక కాగితం మీద ఆ జాబితా రాయండి.

ఇక పని మొదలుపెట్టే ముందు ఛార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. వైర్లు పట్టుకుని లాగొద్దు, కనెక్టర్‌ను రెండు వైపులా గోటితో కొంచెం కొంచెంగా కదుపుతూ తీయండి. తర్వాత పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది, కొన్నిసార్లు దీంతోనే యంత్రం లేస్తుంది. మళ్లీ బ్యాటరీ తగిలించాక మొదటిసారి తప్పకుండా ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. కొన్ని మోడళ్లలో బ్యాటరీని ఒకసారి ఊడదీస్తే, ఛార్జర్ పెట్టేదాకా అది కరెంటు ఇవ్వదు. ఇది తెలియక చాలామంది బ్యాటరీ చచ్చిపోయిందనుకుంటారు.

బటన్ నొక్కితే అసలు చలనమే లేకపోతే రిబ్బన్ కేబుళ్ల దగ్గర ఎక్కువ సమయం గడపండి. చాలా లాప్‌టాప్‌లలో పవర్ బటన్ కీబోర్డులోనే ఉంటుంది, లేదా వేరే చిన్న రిబ్బన్ మీద ఉంటుంది. ఆ కనెక్టర్ల లాక్‌లు ఒక్కో రకంగా ఉంటాయి. కొన్ని తలుపు రెక్కలా పైకి లేస్తాయి, కొన్ని కేబుల్ వైపు ఒక మిల్లీమీటరు జరుగుతాయి, కొన్నిటికి లాక్ ఉండనే ఉండదు. ఏ రకమో తేల్చుకోకుండా బలం పెట్టొద్దు, గోరు గానీ ప్లాస్టిక్ ముక్క గానీ వాడండి. కేబుల్ సరిగ్గా దిగితే దాని అంచు కనెక్టర్ అంచుకు సమానంగా ఉంటుంది. ఏ కొంచెం ఏటవాలుగా కనిపించినా తీసి మళ్లీ పెట్టండి.

లైటు వెలిగి ఫ్యాన్ తిరుగుతూ, తెర మాత్రం నల్లగా ఉంటే నా మొదటి అనుమానం ర్యామ్ మీదే. కొత్తది తీసేసి, పాతది ఒక్కటే దాని పాత స్లాట్‌లో పెట్టి చూడండి. ర్యామ్‌ను ఏటవాలుగా లోపలికి నెట్టినప్పుడు బంగారు రంగు అంచు దాదాపు కనిపించకుండా పోవాలి. అప్పుడే కిందికి నొక్కాలి, రెండు పక్కల క్లిప్పులూ టక్కుమని పట్టుకోవాలి. క్లిప్పులు పడినా అంచు ఇంకా బయటికి కనిపిస్తుంటే అది సరిగ్గా కూర్చోలేదు. పాతదానితో లేచి కొత్తదానితో లేవకపోతే, కొత్త ర్యామ్ మీ మోడల్‌కు సరిపోయేదేనా అని చూసుకోవాలి. లాప్‌టాప్ ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలుంటాయి. డీడీఆర్4కు 260 పిన్నులు, డీడీఆర్5కు 262, గాడి కూడా వేరే చోట ఉంటుంది. అందుకే ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు, దిగనప్పుడు బలవంతం చేయకండి. ర్యామ్ అంచును రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. ఆ పొడి స్లాట్‌లో చేరుతుంది కాబట్టి నేను వద్దంటాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక పెడితే చాలు.

మీది డీడీఆర్5 అయితే ఇంకో విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు, యంత్రం ఆ ర్యామ్‌తో ఏ లెక్కన పనిచేయాలో తేల్చుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. నా స్నేహితుడొకరు అర నిమిషానికోసారి ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ రాత్రంతా కూర్చున్నాడు. ఛార్జర్ పెట్టి, ఆన్ చేసి, పది నిమిషాలు దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. నాలుగు నిమిషాలకే లోగో వచ్చింది.

లైట్లు ఎన్నిసార్లు మిణుకుమంటున్నాయో కూడా లెక్కపెట్టండి. చాలా డెల్ మోడళ్లలో నారింజ రంగు 2 సార్లు, తెలుపు 3 సార్లు వస్తే ర్యామ్ కనబడలేదని అర్థం. హెచ్‌పీలో 3 పొడుగు, 2 పొట్టి మిణుకులు వచ్చినా ర్యామ్ వైపే చూడాలి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఈ పట్టిక ఉంటుంది, ఊహించే బదులు అది చూడండి.

ర్యామ్ సరిగ్గానే ఉన్నా తెర రాకపోతే హెచ్‌డీఎంఐతో బయటి మానిటర్ తగిలించి చూడండి. అక్కడ బొమ్మ వస్తే బోర్డు చాలావరకు బాగున్నట్టే, తెర కేబుల్ వదులై ఉండవచ్చు. తెర మీదికి టార్చి ఏటవాలుగా వేసినప్పుడు బొమ్మ లీలగా కనిపిస్తే బ్యాక్‌లైట్, అంటే తెర వెనక ఉండే లైటు, వెలగట్లేదని అర్థం. బ్యాటరీ ఊడదీయకుండా తెర కేబుల్‌ను తీసి పెడితే బ్యాక్‌లైట్ ఫ్యూజు కాలిపోయే అవకాశం ఉంది. ఆ ఫ్యూజు మార్చడం ఇంట్లో చేసుకునే పని కాదు, బోర్డు రిపేరు చేసేవారికి ఇవ్వాలి.

నాకు నిజంగా భయం కలిగించేవి రెండే. ఒకటి, స్క్రూలు తారుమారు కావడం. పొడుగు స్క్రూను పొట్టి స్క్రూ ఉండాల్సిన రంధ్రంలో బిగిస్తే, దాని మొన బోర్డులోని సన్నని తీగలను తెంపేయవచ్చు. ఏ స్క్రూ అయినా మామూలుకంటే గట్టిగా దిగిందని గుర్తొస్తే ముందు అక్కడే తీసి చూడండి. రెండోది, ఛార్జర్ పెట్టగానే ఛార్జర్ మీద ఉన్న లైటు ఆరిపోవడం. అది ఎక్కడో షార్ట్ అవుతోందన్న సూచన. వెంటనే ఛార్జర్ లాగేసి, బోర్డు మీదా కిందా జారిపోయిన స్క్రూ ఏదైనా ఉందేమో వెతకండి. పదేపదే పెట్టి చూడొద్దు, ఆ ఒక్క పొరపాటుతో బాగున్న బోర్డు కూడా పోతుంది.

లోగో వచ్చి విండోస్ రాకపోతే అది చాలా చిన్న సమస్య. ఎస్‌ఎస్‌డీ (విండోస్, మీ ఫైళ్లు ఉండే డిస్క్) తీసి మళ్లీ పెట్టి, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో, దాని పేరు కనిపిస్తోందేమో చూడండి. డిస్క్‌కు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి, చాలామందికి అది వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది.

స్టాటిక్ కరెంటు (ఒంట్లో చేరి, ముట్టుకోగానే చురుక్కుమనే కరెంటు) వల్ల బోర్డు పోయిందేమో అని కూడా రాశారు. అసాధ్యం కాదు, కానీ ఆ అనుమానాన్ని అన్నిటికన్నా చివర్లో పెట్టండి. దానికంటే ముందు ఇంకో పరీక్ష ఉంది. ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు, బ్యాటరీ అన్నీ తీసేసి, ఒక్క ర్యామ్, ఛార్జర్‌తో మాత్రమే ఆన్ చేయండి. చాలా లాప్‌టాప్‌లు ఇలా కూడా లోగో దాకా వస్తాయి. వస్తే, ప్రతిసారీ ఛార్జర్ తీసి, ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ వెళ్లండి. ఏది పెట్టినప్పుడు ఆగిపోయిందో దాన్నే పట్టుకోండి.

ఇవి చేసి చూసి నాలుగు సంగతులు రాయండి: ఛార్జర్ పెడితే ఏ లైటు వెలుగుతోంది, బటన్ నొక్కితే ఫ్యాన్ కదులుతోందా, పవర్ బటన్ కేబుల్‌ను మీరు తీశారా, ర్యామ్ ఏ రకం. వాటిని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.