ఎండలో లేజర్ లెవెల్: పెరటి డెక్కుకు, బండలు పరిచే పనికి ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. హైదరాబాదు శివార్లలోని మీ ఇంటి వెనుక సుమారు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల పెరడు ఉంది. అందులో కొంత చెక్క డెక్, కొంత తాండూరు బండల పరుపు, మిగిలినది పచ్చిక వేయించాలనుకుంటున్నారు. మేస్త్రీ లెవెల్ పైపు (మట్టం చూడటానికి నీళ్ళు నింపి వాడే పారదర్శక పైపు) చాలంటున్నాడు, మీకేమో ఆన్‌లైన్‌లో అయిదారు వేలకు దొరికే, వెలుగు గీతతో మట్టం చూపే ఆకుపచ్చ గీతల లేజర్ కొనాలని ఉంది. అది ఎండలో కనిపిస్తుందా, దానితో నీటి వాటం, అంటే నీళ్ళు పోయే వాలు, ఎలా ఇవ్వాలి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు కనుక కళ్ళకు ప్రమాదమేమైనా ఉందా అన్నవి మీ సందేహాలు. ఇళ్ళ ఆవరణల్లోనూ మిద్దెల మీదా ఇటువంటి పనులే చేయిస్తుంటాను కనుక నా అనుభవంలో తేలిన విషయాలు రాస్తున్నాను.

మొదటి సందేహానికి సూటి సమాధానం: మధ్యాహ్నపు ఎండలో గీత కనిపించదు, అది ఎరుపైనా ఆకుపచ్చైనా అంతే. ఆకుపచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 520 నానోమీటర్లు. పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికంటే బాగా పట్టుకోగలిగే 555కు అది దగ్గర. ఎరుపు సుమారు 635 దగ్గర ఉంటుంది. అందువల్ల గదిలోనూ వసారా నీడలోనూ ఆకుపచ్చ గీత స్పష్టంగా కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ ఎర్రటి ఎండ పడుతున్న బండ మీద రెండు మూడు మీటర్లు దాటేసరికి ఆ తేడాకు అర్థం ఉండదు. పెట్టెలో ఇచ్చే రంగు కళ్ళద్దాలు పెట్టుకుంటే కొద్దిగా మెరుగు, అంతకుమించి ఆశించవద్దు.

అయితే బయటి పనిలో గీతను కంటితో చూడవలసిన అవసరమే లేదు. ఆ పని డిటెక్టర్ చేస్తుంది. అరచేతిలో పట్టే ఈ పరికరాన్ని కొలత గీతలున్న అల్యూమినియం బద్దకు బిగించి నేల మీద నిలబెట్టి పైకీ కిందికీ జరుపుతుంటే, లేజర్ కిరణం దాని కిటికీని తాకగానే కూత మొదలవుతుంది; కిరణానికి పైన ఉన్నప్పుడు ఒక రకంగా, కింద ఉన్నప్పుడు మరొక రకంగా తెగి తెగి కూస్తూ, సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు తెంపు లేకుండా కూస్తుంది. ఆ క్షణాన బద్ద మీది అంకెను చదువుకోవాలి, అంతే. మీరు కొనబోయే గీతల లేజర్‌లో పల్స్ మోడ్ అనే ఏర్పాటు, అంటే కిరణాన్ని కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగించేది, ఉండి తీరాలి. అది లేకపోతే డిటెక్టర్ ఆ కిరణాన్ని ఎండ నుంచి వేరుచేసి గుర్తించలేదు. కాబట్టి కొనేముందు ఎన్ని గీతలు వస్తాయన్నది కాకుండా పల్స్ మోడ్ ఉందా, దానికి సరిపడే డిటెక్టర్ దొరుకుతుందా అన్నవి చూడండి. పన్నెండు గీతలు, పదహారు గీతలు అంటూ చేసే ప్రచారం లోపలి టైల్స్ పనికి, ఫాల్స్ సీలింగ్ పనికి సంబంధించినది. పెరట్లో మీకు కావలసినది చుట్టూ తిరిగే ఒక్క అడ్డగీత, అరుదుగా ఒక నిలువు గీత.

రోటరీ లేజర్ అని మరొకటి ఉంది. దానిలో ఒకే బిందువు నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూ చుట్టూ ఒక సమతలాన్ని గీస్తుంది. మన పొలాల్లో ట్రాక్టరు వెనుక కట్టే లేజర్ లెవెలర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. అక్కడ గట్టు మీద నిలిపిన యంత్రం కిరణాన్ని పంపితే, చదును చేసే బకెట్టు మీది రిసీవర్ దాన్ని పట్టుకుని హైడ్రాలిక్‌ను పైకీ కిందికీ నడిపిస్తుంది. ఖచ్చితత్వంలో రోటరీకి, గీతల లేజర్‌కు తేడా చిన్నది కాదు. సాధారణ గీతల లేజర్‌కు 10 మీటర్ల దూరంలో 3 మిల్లీమీటర్ల తప్పు అటూ ఇటూ అనుమతిస్తారు. మంచి రోటరీకి 30 మీటర్ల దూరంలో కూడా 1.5 మిల్లీమీటర్లే. అయినా మీ పెరటి కొలతలకు రోటరీ కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. లేజర్‌ను పెరటి మధ్యలో నిలిపితే ఏ మూలా ఏడున్నర మీటర్లు దాటదు, ఆ దూరంలో గీతల లేజర్ తప్పు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. తాండూరు బండ ముఖం మీది ఎగుడుదిగుడులే అంతకంటే ఎక్కువ. అర ఎకరం, ఎకరం ఫామ్‌హౌస్ అయితే మాత్రం సర్వే పరికరాలు అద్దెకిచ్చే దుకాణంలో రోటరీని రోజు లెక్కన తెచ్చుకోవడం మేలు.

పరికరం ఇంటికి వచ్చిన రోజే పరీక్షించుకోండి. అయిదు మీటర్ల ఎడంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడలు చాలు. లేజర్‌ను ఒక గోడకు దగ్గరగా నిలిపి, ముందు ముఖాన్ని ఆ గోడ వైపు తిప్పి గీత పడిన చోట గుర్తు పెట్టండి. ఎత్తు మార్చకుండా అదే ముఖాన్ని ఎదుటి గోడ వైపు తిప్పి అక్కడా గుర్తు పెట్టండి. తర్వాత పరికరాన్ని ఎదుటి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, గీత అక్కడి గుర్తు మీదే పడేలా ఎత్తు సరిచేసి, ముఖాన్ని మళ్ళీ మొదటి గోడ వైపు తిప్పండి. మొదటి గుర్తుకూ ఇప్పుడు పడిన గీతకూ మధ్య తేడా 3 మిల్లీమీటర్లలోపు ఉంటే పరికరం చెప్పిన మాట మీద నిలబడినట్టే. అంతకు మించితే తిరిగి పంపేయండి. కింద పడినా, బైకు మీద గతుకుల రోడ్డులో తెచ్చినా ఈ పరీక్ష మళ్ళీ చేయాలి. తీసుకెళ్ళేటప్పుడు, గీతను మట్టంగా నిలిపే లోపలి లోలకానికి తాళం వేయాలన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ మీట వేయకుండా తిప్పితేనే ఎక్కువ పరికరాలు దారి తప్పుతాయి.

ఇక పనిలో అసలు కీలకం వాటం. లేజర్ ఇచ్చేది మట్టం మాత్రమే, నీళ్ళు ఎటు పోవాలో దానికి తెలియదు. లోలకానికి తాళం వేసి పరికరాన్ని కొద్దిగా వంచి వాలు గీత తెప్పించుకోవచ్చని కొందరు వీడియోల్లో చూపిస్తుంటారు. గోడ మీద డిజైను గీసుకోవడానికి అది సరే, బండల పరుపుకు దాన్ని నమ్మవద్దు. కిరణాన్ని మట్టంగానే ఉంచి, గుర్తుకోసం నేలలో కొట్టిన ప్రతి గూటం దగ్గర ఎంత దిగాలో లెక్క వేసుకోవడమే సరైన పద్ధతి. బండలకు మీటరుకు 10 మిల్లీమీటర్లు, అంటే నూటికి ఒకటి వాటం సరిపోతుంది. మేస్త్రీల లెక్కలో అడుగుకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఇంచుమించు అదే. బండ ముఖం మరీ గరుకుగా ఉంటే కొంచెం పెంచుకోవచ్చు. ఇంటి గోడ నుంచి బయటికే వాలాలన్నది మాత్రం మార్పులేని నియమం.

ఒక ఉదాహరణతో చూడండి. మీ వసారా నేలను సున్నా అనుకుందాం. దాని మీద బద్ద నిలబెడితే డిటెక్టర్ 820 మిల్లీమీటర్ల దగ్గర నిలకడగా కూసింది. బండల పరుపు వసారా కంటే ఒక మెట్టు, అంటే 150 మిల్లీమీటర్లు కింద మొదలవ్వాలి కనుక గోడ పక్కన బండ పైభాగం మీద 970 రావాలి. ఆరు మీటర్ల అవతలి అంచుకు 60 మిల్లీమీటర్లు దిగాలి కనుక అక్కడ 1030 రావాలి. బండ మందం 40, కింద మాలు 40, దాని కింద కాంక్రీటు 75 కలిపితే 155. కాబట్టి ఆ అంచులో తవ్వకం అడుగున 1185 రావాలి. ఇప్పుడున్న నేల మీద బద్ద పెడితే 1120 వచ్చిందనుకోండి, అక్కడ 65 మిల్లీమీటర్ల మట్టి తీయాలని తేలిపోతుంది. బద్ద మీది అంకె పెరిగితే నేల దిగినట్టు, తగ్గితే నేల లేచినట్టు. ఇది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది, పనివాళ్ళు తవ్వవలసిన చోట మట్టి పోయడం నేను చూస్తూనే ఉంటాను. అందుకే గూటాల పక్కన అంకెలు రాయడంతో ఆపకుండా ‘తీయాలి’, ‘పోయాలి’ అని కూడా రాయిస్తాను.

ఆ సున్నా గుర్తు ఎక్కడ పెట్టారన్నది చాలా ముఖ్యం. నేలలో కొట్టిన గూటాన్ని ఆధారంగా తీసుకోవద్దు. మీది నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది, గూటం దానితోపాటే లేస్తుంది, దిగుతుంది. ఇంటి ప్లింత్ (నేల పైకి కనిపించే పునాది గోడ) మీద లేదా వసారా స్తంభం మీద పెయింటుతో ఒక గీత గీసి, పని ముగిసేవరకు అది చెరిగిపోకుండా చూసుకోండి. పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు, భోజనాల తర్వాత, సాయంత్రం సర్దేముందు డిటెక్టర్‌ను ఆ గీత దగ్గర పెట్టి అదే అంకె వస్తోందో లేదో చూడాలి. నీళ్ళు చల్లిన మట్టిలో ట్రైపాడ్ కాళ్ళు నెమ్మదిగా దిగుతాయి. పరికరం తనను తాను మట్టం చేసుకుంటుంది కనుక హెచ్చరిక ఏదీ రాదు, ఎత్తు మాత్రం మారిపోతుంది. కాళ్ళ కింద ఇటుక ముక్కలో చెక్కలో పెట్టించండి, గాలి ఉంటే మధ్యలో ఇసుక సంచి వేలాడదీయండి.

వేసవి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కాలిన బండల మీదుగా వేడి గాలి పైకి లేచేటప్పుడు కిరణం అందులో వంగి ఆడుతుంది. డిటెక్టర్ ఒక్కచోట నిలకడగా కూయదు. పైగా ఇలాంటి పరికరాలు చాలావరకు 40 నుంచి 50 డిగ్రీల లోపు వాడటానికే చేసినవి. మే నెల ఎండలో నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఆ హద్దును దాటడానికి ఎంతో సేపు పట్టదు. కాబట్టి మట్టాలు తీసే పని పొద్దున తొమ్మిదిలోపు ముగించి, పరికరానికి గొడుగు పట్టించండి.

డెక్ విషయంలో లెక్క కొంత వేరు. బల్లల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదులుతాం కనుక నీళ్ళు సందుల్లోంచి దిగిపోతాయి. అందువల్ల డెక్ పైభాగం మట్టంగా ఉన్నా ఇబ్బంది లేదు. వాటం ఇవ్వవలసింది దాని కింది నేలకు. మిద్దె మీద డెక్ వేసేటప్పుడు కూడా ఇంతే: వాన గొట్టం వైపు స్లాబుకు ఇచ్చిన వాటాన్ని ముట్టుకోకుండా, దాని మీద ఎత్తు సరిచేసుకోగల పెడెస్టల్స్ (డెక్‌ను మోసే పొట్టి కాళ్ళు) పెట్టి, ఒక్కొక్క దాని తల మీద డిటెక్టర్ ఉంచి కూత నిలకడ అయ్యేదాకా మర తిప్పుతూ పోవాలి. ఈ పనిలో లేజర్‌కు సాటి లేదు, ఒక్క మనిషి చాలు.

గీత కంటికి కనిపించి నిజంగా ఉపయోగపడేది కూడా డెక్ పనిలోనే. పొద్దు వాలాక, కానీ పూర్తిగా చీకటి పడకముందు, నిలబెట్టిన స్తంభాలన్నిటి మీదా అడ్డగీత ఒకేసారి పడుతుంది. గీత వెంట పెన్సిలుతో ప్రతి స్తంభానికీ నాలుగు వైపులా గుర్తు పెట్టించుకుంటే మరునాడు పొద్దున అన్నిటినీ ఒకే మట్టానికి కోసేయవచ్చు. స్తంభాలు నిలువుగా ఉన్నాయా అన్నది కూడా అప్పుడే నిలువు గీతతో చూసుకోండి. డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బల్లలైతే కింది పట్టీల మధ్య దూరం 300 నుంచి 400 మిల్లీమీటర్లు దాటకూడదు, పట్టీల్లో ఒక్కటి దిగినా అడుగు వేసినప్పుడు బల్ల జవజవలాడుతుంది. అందుకని బల్లలు బిగించేముందు ప్రతి పట్టీనీ రెండు చివర్లా, మధ్యలో చూసుకోవాలి. పచ్చిక గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. నూటికి రెండు వరకు వాలు ఇచ్చి, మూలల్లోనూ మధ్యలోనూ నాలుగైదు గూటాలకు లేజర్‌తో గుర్తులు పెట్టి, మిగతాది దారం, రేకు పట్టీ పట్టుకుని చదును చేస్తే చాలు.

మీ మేస్త్రీ మాటను కొట్టిపారేయకండి. నీళ్ళు నిండిన పారదర్శక పైపు మిల్లీమీటరుకు తేడా రాకుండా చూపగలదు. లోపల గాలి బుడగలు ఉండకూడదు, పైపులో సగం ఎండలో సగం నీడలో పడి ఉండకూడదు, ఇద్దరు మనుషులు కావాలి, అంతే. గోడ మలుపు తిరిగి ఇంటి ముందుకు మట్టం తీసుకెళ్ళాలంటే లేజర్‌ను మళ్ళీ నిలపాలి, పైపు మాత్రం మూల చుట్టి వచ్చేస్తుంది. మీ పెరట్లో బండలు మాత్రమే వేసేటట్టయితే పైపే చాలని నేనూ చెప్పేవాణ్ణి. డెక్ కూడా ఉంది కాబట్టి, అన్ని పట్టీలు, అన్ని స్తంభాలు చూడాలి కాబట్టి లేజర్, డిటెక్టర్ కొనడం సబబే. పైపు తెమ్మని మాత్రం మేస్త్రీకి చెప్పండి. రోజుకు ఒకసారి లేజర్ చూపిన మట్టాన్ని దానితో పోల్చి చూసుకోవచ్చు, మేస్త్రీకీ నమ్మకం కుదురుతుంది.

పిల్లల కళ్ళ విషయం. ఇటువంటి గీతల లేజర్లు కంటి భద్రత కోసం చేసిన వర్గీకరణలో ఎక్కువగా రెండో తరగతివి, అంటే శక్తి ఒక మిల్లీవాట్ లోపు ఉంటుంది. పొరపాటున కంట పడితే పావు సెకనులో రెప్ప దానంతటదే వాలుతుంది, ఆ కాస్త వ్యవధికి హాని జరగదన్న లెక్క మీదే ఆ తరగతిని నిర్ణయించారు. ఎవరైనా పట్టుదలగా అందులోకి చూస్తూ ఉంటే మాత్రం ఆ లెక్క వర్తించదు, పిల్లలు చేసేది సరిగ్గా అదే. ట్రైపాడ్‌ను వాళ్ళ తల కంటే ఎత్తులో నిలపండి, పని లేనప్పుడు ఆపేయండి, అద్దాల తలుపులకు ఎదురుగా పెట్టవద్దు. రంగు కళ్ళద్దాలు గీత బాగా కనిపించడానికే తప్ప కంటికి రక్షణ కాదు కనుక అవి పెట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పెట్టె మీద తరగతి ముద్ర లేని పరికరాన్ని ఎంత చవకగా వచ్చినా కొనకండి. రోటరీ అద్దెకు తెస్తే ముందు దాని ముద్ర చదవండి, వాటిలో కొన్ని 3ఆర్ తరగతివి, అయిదు మిల్లీవాట్ల దాకా ఉంటాయి. అది నడుస్తున్నంత సేపూ పిల్లలు ఇంట్లోనే ఉండాలి.