బెంటన్‌విల్‌లో నడక: ఎలుగుబంటి సంగతి తర్వాత, ముందు పిడుదు సంగతి చూడండి

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కి ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు రెండు నెలలు తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడ వీకెండ్‌కి చూడ్డానికి ఏముందండీ?" డల్లాస్ వెళ్ళాలంటే ఐదు గంటల డ్రైవు. 2020 లెక్కల ప్రకారం ఊరి జనాభా 54 వేల పైచిలుకు, అంటే మన దగ్గర ఓ మాదిరి మున్సిపాలిటీ. పద్నాలుగేళ్ళ కిందట నేనూ ఇదే అడిగాను. అప్పటికే ఇక్కడ పాతుకుపోయిన ఒక పెద్దావిడ నా కాళ్ళకున్న చెప్పుల వైపు చూసి, "ముందు మంచి షూస్ కొనుక్కో అమ్మా" అన్నారు.

కొనుక్కున్నాక, మొదటి నెల ఊరు దాటక్కర్లేదు. బెల్లా విస్టా నుంచి రోజర్స్, స్ప్రింగ్‌డేల్ మీదుగా ఫెయెట్‌విల్ దాకా రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే అని దాదాపు 40 మైళ్ళ దారి ఉంది. చాలావరకు నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ తప్ప కార్లకి ప్రవేశం లేదు. 2015లో తెరిచారు. మీ అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో అది ఎక్కడ తగులుతుందో మ్యాప్‌లో చూసుకుంటే చాలు. పొద్దున్నే అరగంట నడిచి ఇంటికొచ్చి కాఫీ తాగచ్చు.

కాకపోతే దాని పద్ధతి దానికుంది. కుడిపక్కన నడవాలి. వెనక నుంచి సైకిలాయన "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తాడు. నీ ఎడమ పక్క నుంచి దాటుతున్నాను, కదలకు అని దానర్థం. నేను మొదటిసారి 'లెఫ్ట్' అన్న ముక్క ఒక్కటే విని ఎడమకి గెంతాను. పాపం ఆయన గడ్డిలోకి పోయి పడ్డాడు, పైగా నాకే సారీ చెప్పాడు. నలుగురం వరసగా దారంతా పరుచుకుని కబుర్లాడుతూ నడిచే అలవాటు మనకి ఉంది కదా, అది మాత్రం మానుకోండి. ఇంకోటి, స్లాటర్ పెన్, కోలర్ లాంటి చోట్ల మట్టి దారులు చాలావరకు మౌంటెన్ బైకుల కోసం వేసినవి. మొదట్లో ఉన్న బోర్డు చదవకుండా పిల్లల్ని దింపకండి.

స్ట్రాలర్ ఉన్నా, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా మొదట క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియానికే తీసుకెళ్ళండి. 2011 నవంబరు 11న తెరిచిన ఈ మ్యూజియంలో మామూలు ప్రవేశానికి టికెట్టు లేదు. బొమ్మలు చూసే ఓపిక లేనివాళ్ళకి చుట్టూ అడవిలో దారులున్నాయి. ఆర్ట్ ట్రెయిల్ మీద పైకప్పులో గుండ్రటి కంత ఉన్న ఒక రాతి గది కనిపిస్తుంది. జేమ్స్ టరెల్ కట్టినది. పొద్దుగూకే వేళకి లోపల గోడవార కూర్చుని ఆ కంతలోంచి ఆకాశం చూడాలి. మా మామగారు "ఏముంది ఇందులో" అంటూనే గంటసేపు లేవలేదు.

అసలు అడవి కావాలంటే రోజర్స్‌కి తూర్పున 12వ నంబరు హైవే మీద హాబ్స్ స్టేట్ పార్క్ ఉంది, 12 వేల ఎకరాలు. ఆర్కన్సా స్టేట్ పార్కులకి ప్రవేశ రుసుము లేదు. అక్కడ వాన్ వింకిల్ ట్రెయిల్ అర మైలే, చదునైన దారి, పెద్దవాళ్ళూ నడవగలరు. అమెరికా అంతర్యుద్ధం (సివిల్ వార్) తర్వాత ఈ చుట్టుపక్కల ఊళ్ళు మళ్ళీ కట్టుకోవడానికి కలప కోసిన మిల్లు ఇక్కడే ఉండేది. ఒక్క సంగతి మరవకండి, ఈ పార్కులో వేటకి అనుమతి ఉంది. జింకల వేట సీజన్లో నారింజ రంగు చొక్కా లేకుండా లోపలికి వెళ్ళద్దు.

ఇక భయాల గురించి. కొత్తవాళ్ళందరూ ఎలుగుబంట్ల గురించి అడుగుతారు. పద్నాలుగేళ్ళలో నాకు ఒక్కటీ ఎదురుపడలేదు. పిడుదులు మాత్రం లెక్కలేనన్ని కనిపించాయి. మన ఊళ్ళో గేదె చెవి వెనక పట్టుకుని ఉండేవే, ఇక్కడ మనుషుల్నీ పట్టుకుంటాయి. లోన్ స్టార్ అనే రకంలో ఆడ పిడుదు వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కుడితే కొందరికి మేక, గొర్రె లాంటి జంతువుల మాంసం పడని ఆల్ఫా-గాల్ అనే ఎలర్జీ వస్తుంది. మా స్నేహితులాయన ఒకరు రాత్రి మటన్ బిర్యానీ తిని హాయిగా పడుకున్నారు. అర్ధరాత్రి ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడక ఎమర్జెన్సీకి పరుగు. తిన్న రెండు నుంచి ఆరు గంటలకి గానీ బయటపడదు కాబట్టి, కారణం మటనేనని తేలడానికి నెలలు పట్టింది. ఇప్పుడు ఆయనకి కోడి, చేప మాత్రమే. కొందరికి పాలు, నెయ్యి కూడా పడవు. మన ఇళ్ళలో అదెంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

అందుకని ట్రెయిల్‌కి పొడుగు ప్యాంటు వేసుకుని, దాన్ని సాక్సుల్లోకి దోపండి. చూడ్డానికి బాగుండదు, ఫర్వాలేదు. బట్టలకి పర్మెత్రిన్ అనే పురుగుమందు ముందే కొట్టి ఆరబెట్టుకోవాలి, ఒంటికి డీట్ ఉన్న స్ప్రే. పొడుగు గడ్డిలోకి దిగకుండా దారి మధ్యలో నడవండి. ఇంటికి రాగానే బట్టలు డ్రయ్యర్లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పి, స్నానం చేస్తూ చంకలు, మోకాళ్ళ వెనక, పిల్లల జుట్టు తడిమి చూడండి. పిడుదు పట్టుకుని ఉంటే సన్న మొన ఉన్న చిమటాతో చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. అగ్గిపుల్ల, కిరసనాయిలు లాంటి వైద్యాలు వద్దు. తర్వాతి కొన్ని వారాల్లో జ్వరం గానీ దద్దుర్లు గానీ వస్తే "ట్రెయిల్‌కి వెళ్ళాను" అని డాక్టరుకి మీరే ముందు చెప్పండి. వాళ్ళు అడుగుతారని కూర్చోకండి.

అమ్మానాన్నల విషయంలో ఇంకో జాగ్రత్త. మా అత్తగారు ఒకరోజు నడకకి వెళ్ళి కొంగు నిండా ఆకు కోసుకొచ్చారు, "ఎర్ర బచ్చలి ఇక్కడ ఊరికే పడుంది" అంటూ. ఎర్రటి కాడ, ఊదారంగు పళ్ళు, అచ్చం బచ్చలే. నిజానికి అది పోక్‌వీడ్, విషం. ఇక్కడి పాతకాలం వాళ్ళు లేత ఆకుని పదేపదే ఉడికించి నీళ్ళు పారబోసి తినేవారట గానీ, మనకెందుకు ఆ సాహసం. పప్పు పొయ్యి మీదకి వెళ్ళేలోపు నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఆవిడ మాత్రం మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

కాస్త అలవాటయ్యాక దూరం వెళ్ళచ్చు. ఫొటోల్లో అందరూ చూపించే హాక్స్‌బిల్ క్రాగ్ అనే కొండ అంచు బఫెలో నది ఎగువన ఉంది, రానూ పోనూ మూడు మైళ్ళు. కారు ఎక్కాల్సిన కంకర రోడ్డు నిటారుగా ఉంటుంది, కొండ చివర రెయిలింగు లేదు. అక్కడ పడి చనిపోయినవాళ్ళున్నారు. మా పిల్లల్ని ఇంతవరకు తీసుకెళ్ళలేదు. వాళ్ళతో అయితే పోంకా దగ్గర లాస్ట్ వ్యాలీకి వెళ్తాం. ఏప్రిల్లో, వానపడ్డ రెండు రోజులకి వెళ్తేనే జలపాతంలో నీళ్ళుంటాయి, ఆగస్టులో వెళ్తే తడిరాళ్ళు కూడా కనపడవు. ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. పులిహోర కట్టుకెళ్ళండి. దారిలో బాక్స్‌లీ లోయ పచ్చికలో పొద్దున్న, సాయంత్రం ఎల్క్‌లు అనే పెద్ద దుప్పులు మేస్తుంటాయి. కారు పక్కకి ఆపుకుని లోపలి నుంచే చూడండి.